60 దగ్గర మోత, ఎడమ మలుపులో బరువు: ఒక స్నోమొబైల్ కేసు

బండి 600 సీసీ టూ-స్ట్రోక్, లిక్విడ్ కూలింగ్, ట్రైల్ మీద నడిపే రకం. ట్రాక్ పొడవు 137 అంగుళాలు, వెడల్పు 15, పిచ్ (ట్రాక్ లోపలి అడ్డకడ్డీల మధ్య దూరం) 2.86 అంగుళాలు. అంటే ట్రాక్ చుట్టూ 48 పిచ్‌లు. ఓడోమీటరు 6,400 కిలోమీటర్లు చూపిస్తోంది. నడిచేది ఉత్తర మిన్నెసోటాలో. వచ్చింది ఫిబ్రవరి చివర్లో, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి ట్రైల్ రాయిలా ఉండే రోజుల్లో. గుల్మార్గ్‌లోనో సోలాంగ్‌లోనో స్నో స్కూటర్ ఎక్కినవాళ్ళకి ఈ బండి తెలుసు: ముందు రెండు స్కీలు, వెనక ఒకే రబ్బరు ట్రాక్. ఏ కంపెనీ బండిలోనైనా ఈ లోపాలు ఇలాగే వస్తాయి.

ఫిర్యాదులు నాలుగు. గంటకి 55 నుంచి 70 కిలోమీటర్ల మధ్య కాళ్ళ కింద డప్పు కొట్టినట్టు మోత, ఫుట్‌బోర్డు అదురు. దానితోపాటు వేగం పెరిగేకొద్దీ సన్నటి గీపెట్టే శబ్దం. గట్టి ట్రైల్ మీద హ్యాండిల్ ఎవరో చేతిలోంచి లాక్కుంటున్నట్టు అటూ ఇటూ ఈడవడం. ఎడమకి తిప్పితే స్టీరింగ్ బరువు, కుడికి తిప్పితే బండి తిరగకుండా నేరుగా జారిపోవడం.

అప్పటికే ఈ బండికి మూడు మందులు పడ్డాయి. ముందు సీజన్లో గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే కింద తడతడమని శబ్దం వచ్చేదట, ట్రాక్ టైటు చేశారు. బండి కుడికి తిరగడం లేదని సస్పెన్షన్ ముందు భాగాన్ని పట్టి ఆపే లిమిటర్ పట్టీని రెండు రంధ్రాలు కురచ చేశారు. మోత మొదలయ్యాక, ఇంజన్ శక్తిని ట్రాక్ వైపు పంపే డ్రైవ్ బెల్టు కొత్తది వేశారు. మూడూ ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతో చేసినవే. రోసో, థీఫ్ రివర్ ఫాల్స్ లాంటి స్నోమొబైళ్ళు తయారయ్యే ఊళ్ళున్న ప్రాంతం అది. ఇంటింటికీ గరాజు, గరాజుకో స్పానర్ల పెట్టె. ఒక్కో బండి మీద నాలుగు చేతులు పడి ఉంటాయి. ఇలాంటి బండి వచ్చినప్పుడు లోపం వెతకడానికి ముందే సెట్టింగులన్నీ మాన్యువల్లో ఉన్న అంకెల దగ్గరకి తేవాలి. మందు మీద మందు పడి ఉన్నంతకాలం ఏ లక్షణం రోగానిదో, ఏది మందుదో తేలదు. అయితే వెనక్కి తెచ్చే ముందు ఉన్నది ఉన్నట్టు కొలిచి రాసిపెట్టుకోవాలి. ఆ అంకెలే తర్వాత సాక్ష్యం.

ఇంజనా, ట్రాకా

మోత ఎటువైపుదో తేల్చడానికి పది నిమిషాలు చాలు. మొదట బండి నిలబెట్టి, క్లచ్ పట్టుకోకముందు ఉండే వేగంలో ఇంజన్ తిప్పాలి. ఈ బండికి క్లచ్ 3,800 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటుంది కాబట్టి 3,500 దాకా నింపాదిగా పెంచారు. అదురు లేదు. ఇంజన్ మౌంట్లు, ప్రైమరీ క్లచ్ అంతవరకు బాగున్నట్టే. తర్వాత తిన్నని ట్రైల్ మీద 65 దాకా తీసుకెళ్ళి యాక్సిలరేటర్ వదిలేశారు. ఆర్‌పీఎం ఒక్కసారిగా పడిపోయింది, మోత మాత్రం పడిపోలేదు. బండి వేగం తగ్గినకొద్దీ నెమ్మదిగా తగ్గింది. అంటే అది ఇంజన్ని పట్టుకుని లేదు, ట్రాకు వేగాన్ని పట్టుకుని ఉంది.

ఇక్కడే బెల్టు మీది అనుమానం కూడా తొలగిపోయింది. రాత్రంతా చలిలో ఒకేచోట వంగి ఉన్న బెల్టు కాస్త గిడసబారి మొదటి పది నిమిషాలు దడదడమంటుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. గంటసేపు నడిపినా తగ్గని మోతకి బెల్టు మార్చడం డబ్బు దండగ.

అంకెలు చెప్పిన మాట

ఫోన్లో అదురు కొలిచే యాప్ ఉంటే చాలు, పెద్ద పరికరం అక్కర్లేదు. ఫోన్ని ఫుట్‌బోర్డుకి వెడల్పాటి టేపుతో గట్టిగా బిగించి, 60 దగ్గర నిలకడగా 20 సెకన్లు నడిపి రికార్డు చేయాలి. చలికి బ్యాటరీ పడిపోతుంది, ఫోన్ని చివరి నిమిషం దాకా జేబులోనే ఉంచాలి.

గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.67 మీటర్లు. దీన్నిబట్టి ఏ భాగం సెకనుకి ఎన్నిసార్లు తిరుగుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. ట్రాక్ పొడవు 3.48 మీటర్లు కాబట్టి అది సెకనుకి 4.8 చుట్లు. ట్రాక్‌ని తిప్పే డ్రైవ్ షాఫ్టు మీది డ్రైవర్ చక్రానికి 8 పళ్ళు, ఒక చుట్టుకి 58 సెంటీమీటర్లు, అంటే 28.7. వెనక ఇరుసు మీది చక్రాల వ్యాసం 181 మిల్లీమీటర్లు, అంటే 29.3. మధ్యలో ఉండే చిన్న బోగీ చక్రాలు 136 మిల్లీమీటర్లు, 39. ట్రాక్ పిచ్‌లు ఒక్కొక్కటీ డ్రైవర్‌కి తగిలే లెక్క సెకనుకి 230.

రికార్డులో పెద్ద శిఖరం 29 హెర్ట్జ్ (సెకనుకి 29 సార్లు) దగ్గర వచ్చింది. 4.8 దగ్గర ఇంకొకటి, చిన్నది. 39 దగ్గర చెప్పుకోదగ్గది లేదు. 230 దగ్గర ఉన్నది ప్రతి బండిలోనూ ఉండే మామూలు గుర్రు. కాబట్టి బోగీ చక్రాల రిమ్ములు, డ్రైవర్ పళ్ళ అమరిక పక్కకి తప్పుకున్నాయి.

చిక్కు ఏమిటంటే 28.7కీ 29.3కీ తేడా ఎంత? స్పీడోమీటరు ముల్లు గంటకి ఒక కిలోమీటరు అటూ ఇటూ ఊగితేనే ఆ తేడా మింగేస్తుంది. ట్రాక్ కాస్త జారినా అంతే. 20 సెకన్లు ఎంత నిలకడగా నడిపినా 29 అనేది డ్రైవ్ షాఫ్టుదా, వెనక చక్రానిదా అని ఈ కొలత చెప్పలేదు. ఇలాంటిచోట యాప్‌ని నమ్మి షాఫ్టు ఊడదీస్తే ఒక రోజు పని వృథా. కొలత అనుమానితుల్ని ఇద్దరికి కుదించింది. మిగతాది చేత్తో పట్టుకు చూడాల్సిందే.

మోత కాళ్ళ కిందే వినిపిస్తోంది కాబట్టి లోపం అక్కడే ఉందనుకోవడం మామూలు పొరపాటు. టన్నెల్ అంటే పల్చటి అల్యూమినియం రేకు పెట్టె. సస్పెన్షన్ చేతులు దానికి బోల్టుల మీద నిలబడి ఉంటాయి. వెనక చివర పుట్టిన దెబ్బ ట్రాక్ లోపలి పొడవాటి పట్టాల గుండా, చేతుల గుండా వచ్చి ఆ రేకుని డప్పులా మోగిస్తుంది.

వెనక భాగం లేపాక

బండి వెనక భాగాన్ని స్టాండు మీద ఎత్తి ట్రాక్ వేలాడేలా పెట్టారు. ఒక హెచ్చరిక: ఎత్తిన బండిలో ట్రాక్ తిప్పేటప్పుడు వెనకాల మనిషి ఉండకూడదు, స్టాండుకి రేకు అడ్డం ఉండాలి. ఊడిన మేకు గానీ మంచుగడ్డ గానీ తుపాకి గుండులా వస్తుంది.

టెన్షన్ కొలిచే పద్ధతి ఈ మాన్యువల్లో ఇలా ఉంది. వెనక ఇరుసు నుంచి ముందుకి 40 సెంటీమీటర్ల దగ్గర, ట్రాక్ కింది వరసకి 4.5 కిలోల బరువు వేలాడదీసి, స్లైడర్ (పట్టా అడుగున ఉండే ప్లాస్టిక్ పట్టీ) అడుగుకీ, అది జారే ట్రాక్ క్లిప్పుకీ మధ్య సందు చూడాలి. ఉండాల్సింది 22 నుంచి 28 మిల్లీమీటర్లు. ఉన్నది ఎడమ 9, కుడి 13. బరువు, దూరం, సందు కంపెనీని బట్టి, మోడల్ని బట్టి మారతాయి. ఒక బండి అంకె ఇంకో బండికి వాడకూడదు.

ట్రాక్ ఇంత టైటుగా ఎందుకుందో పాత ఫిర్యాదే చెబుతోంది. కొత్త ట్రాక్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగుతుంది. అప్పుడు మళ్ళీ కొలిచి బిగించాలి. ఆ పని జరగలేదు. లూజైన ట్రాక్ గట్టి లాగుడులో డ్రైవర్ పళ్ళ మీద నుంచి గెంతుతుంది, అదే ఆ తడతడ. దాన్ని ఆపడానికి అంకె చూడకుండా శబ్దం ఆగేదాకా బిగించారు, అదీ రెండు వైపులా సమానంగా కాదు. ట్రాక్ ఎప్పుడూ లూజు ఉన్న వైపుకే జరుగుతుంది. ఇక్కడ కుడికి జరిగింది. లోపలి గైడ్ పళ్ళ ఒక పక్క రబ్బరు రుద్దుకుని నల్లగా నిగనిగలాడుతోంది.

వెనక చక్రాల మీద టెన్షన్ భారం రెట్టింపు పడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ట్రాక్ ఆ చక్రాన్ని సగం చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది. పై వరస ఒకటి, కింది వరస ఒకటి, రెండూ దాన్ని ముందుకే లాగుతాయి. సరైన టెన్షన్లో బేరింగులు ఆ భారాన్ని ఏళ్ళ తరబడి మోస్తాయి. అతిగా బిగిస్తే బేరింగు వేడెక్కుతుంది, రిమ్ము మీది రబ్బరు ప్రతి చుట్టుకీ నలుగుతుంది.

అడ్జస్టర్లు వదులు చేసి 25 మిల్లీమీటర్ల సందు తెచ్చి, ట్రాక్ మధ్యకి తెచ్చి మళ్ళీ నడిపి చూశారు. మోత సగానికి తగ్గింది గానీ పోలేదు, 29 దగ్గర శిఖరం అలాగే ఉంది. ఇక్కడ ఆగిపోయిన గరాజులు చాలా ఉంటాయి. తగ్గింది కదా అని బండి ఇచ్చేస్తే నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది.

ఇప్పుడు ఇద్దరు అనుమానితులు. డ్రైవ్ షాఫ్టు ఎడమ చివర బేరింగు దగ్గర పొడవాటి లివరు పెట్టి పైకి లేపి చూస్తే ఆట (వదులు కదలిక) లేదు. డ్రైవర్ చక్రాల మీది గుర్తులు ఒకే గీతలో ఉన్నాయి, ఒకటి ఇంకోదానికంటే జరగలేదు. షాఫ్టు వదిలేసి వెనక్కి వెళ్ళారు.

వెనక ఎడమ చక్రం చూడ్డానికి నిక్షేపంగా ఉంది. టైటుగా ఉన్న ట్రాక్ మధ్య చక్రం తిప్పినా ఏమీ తెలియదు కాబట్టి ట్రాక్ని పూర్తిగా వదులు చేసి, రబ్బరు అంచుని బొటనవేలితో గట్టిగా నొక్కుతూ చుట్టూ వెళ్ళారు. ఒకచోట రబ్బరు పొక్కులా కదిలింది. నొక్కితే లోపలి నుంచి రెండు చుక్కల నీళ్ళు బయటికి వచ్చాయి. రిమ్ముకి అంటిన రబ్బరు 6 సెంటీమీటర్ల మేర లోపల ఊడిపోయి, పైకి మాత్రం అతుక్కున్నట్టే ఉంది. ఆగి ఉన్నప్పుడు అది సమంగా కూర్చుంటుంది. తిరుగుతున్నప్పుడు లేచి చుట్టుకొకసారి ట్రాక్‌ని గుద్దుతుంది. 29 అదే. అదే చక్రం బేరింగు చేతికి ఇసక తగిలినట్టు గరగరలాడింది.

రెండు వెనక చక్రాలూ మార్చారు, ఒక్కటి కాదు. కుడిదాని మీదా అదే భారం పడింది, అది ఊడడానికి ఈ సీజనంతా పట్టదు. ఇరుసు బేరింగులు 6205-2ఆర్‌ఎస్ సైజువి, రెండు. బోగీ చక్రాలు ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూస్తే మూడు చక్రాల్లో గరగర, అక్కడ 6004-2ఆర్‌ఎస్ మూడు. సన్నటి గీపెట్టే శబ్దం వీటిదే. బేరింగు ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే కొత్త బేరింగు ఆరోజే సగం చచ్చిపోతుంది, శబ్దం 500 కిలోమీటర్లకి తిరిగి వస్తుంది.

స్లైడర్లు, గొలుసు పెట్టె, ట్రాక్

స్లైడర్లు ముందు వంపు దగ్గర 9 మిల్లీమీటర్లకి అరిగాయి, వెనక 14 ఉన్నాయి. ఈ బండికి కనీసం 10 ఉండాలి, కాబట్టి రెండూ కొత్తవి. ముందు వంపు దగ్గరే ఎక్కువ అరగడం టైటు ట్రాక్ సంతకం. ఇంకో కారణం కూడా ఉంది. ఈ ప్లాస్టిక్ పట్టీలకి నూనె లేదు, గ్రీజు లేదు, మెత్తటి మంచే తడి, మంచే చలువ. ఫిబ్రవరి చివర్లో గడ్డకట్టిన ట్రైల్ మీద మంచు పొడి పైకి లేవదు. స్లైడర్ పొడిగా రుద్దుకుని కరుగుతుంది, క్లిప్పులకి అంటుకుంటుంది. ఆ రోజుల్లో నడిపేవాళ్ళు మంచు గీరే స్క్రాచర్లు కిందకి దించుకోవాలి. రేడియేటర్లు కూడా టన్నెల్లోనే ఉంటాయి, వాటికీ ఆ మంచు పొడే కావాలి. కొత్త స్లైడర్లు వెచ్చటి గదిలో, సబ్బునీళ్ళు రాసి ఎక్కిస్తే సులువుగా దూరతాయి.

డ్రైవ్ షాఫ్టుని తిప్పే గొలుసు ఉండే పెట్టెలో నూనె తీసి అయస్కాంతం చూశారు. సన్నటి బూడిద లాంటి పొడి ఉంది, ముక్కలు లేవు. గొలుసు టెన్షన్ సరిగ్గా ఉంది. కొత్త నూనె పోసి మూసేశారు, అంతే.

4.8 దగ్గరి చిన్న శిఖరం ట్రాక్‌ది. రబ్బరు లోపల ప్రతి పిచ్‌కీ అడ్డంగా ఫైబర్‌గ్లాస్ కడ్డీ ఉంటుంది. ట్రాక్‌ని చేత్తో రెండు అంచులు పట్టి ఒక్కో పిచ్ వంచి చూడాలి. కడ్డీ బాగుంటే కర్రలా ఎదురు నిలుస్తుంది, విరిగితే గుడ్డలా మడత పడుతుంది. 48 పిచ్‌లలో ఒక్కటి మడత పడింది. ఒక్క కడ్డీకి ట్రాక్ మార్చక్కర్లేదు. పక్కపక్కన రెండు విరిగితే మాత్రం ఆలోచించకుండా మార్చాలి, అప్పుడు ట్రాక్ పట్టాల మీద నుంచి పడిపోవచ్చు, విరిగిన కొస రబ్బరు చీల్చుకుని బయటికి రావచ్చు. ఆ పిచ్ మీద తెల్ల పెయింటుతో గీత పెట్టి వదిలేశారు.

స్టీరింగ్

హ్యాండిల్ ఈడవడానికి రెండు మూలాలు ఉండొచ్చు. ముందు వెళ్ళిన బండ్ల స్కీలు కోసిన గాళ్ళలో మన స్కీ పడి అటు లాగడం ఒకటి. మన బండి అమరికే తప్పడం రెండోది. వీటిని విడదీయడానికి గీతలు లేని కొత్త మంచు కావాలి. గడ్డకట్టిన సరస్సు మీద రాత్రి కురిసిన మంచులో గంటకి 25 కిలోమీటర్ల దగ్గర, చేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆనించి నడిపితే, నేరుగా పోయే బండికి లోపం ట్రైల్‌ది, స్కీ కిందిది. ఈ బండి అక్కడా ఎడమకి వాలింది. అమరిక తప్పిందన్నమాట.

ఎడమ మలుపు బరువు, కుడి మలుపు జారుడు అన్న ఫిర్యాదు సగం జవాబు చెప్పేసింది. ఎడమకి తిరిగేటప్పుడు బరువంతా బయటివైపు, అంటే కుడి స్కీ మీద పడుతుంది. కుడికి తిరిగేటప్పుడు ఎడమ స్కీ మీద. రెండు స్కీల కిందా మంచుని కరిచే, గట్టి కార్బైడ్ అంచున్న రాడ్లు తీసి చూస్తే కుడిది కొత్తది, అంచు గోరుని గీకేంత పదును. ఎడమదాని కార్బైడ్ గుండ్రంగా అరిగిపోయింది, మధ్యలో కొంచెం వంగింది కూడా. ఎప్పుడో కుడిది విరిగితే ఒక్కటే మార్చారు. కుడి స్కీ మంచుని గట్టిగా కరుస్తుంది, అందుకు ఎడమ మలుపు బరువు. ఎడమ స్కీ కరవదు, అందుకు కుడి మలుపులో జారుడు. కార్బైడ్ రాడ్లు జతగానే మార్చాలి. రాడ్డు మందం సగానికి వచ్చిందంటే కార్బైడ్ ఎలా ఉన్నా మార్చాల్సిందే.

ఆ జారుడికే లిమిటర్ పట్టీ కురచ చేశారు. ఈ పట్టీ సస్పెన్షన్ ముందు భాగం ఎంత కిందకి దిగాలో ఆపుతుంది. కురచ చేస్తే ట్రాక్ ముందు భాగం పైకి లాగబడి బరువు స్కీల మీదకి వెళ్తుంది. అరిగిన ఎడమ స్కీకి అది కొంచెం పట్టు ఇచ్చింది గానీ, పదునున్న కుడి స్కీని ఇంకా బరువు చేసింది, గాళ్ళలో పడే గుణాన్ని పెంచింది. పట్టీని పాత రంధ్రంలోకి తెచ్చారు.

ఇక టో, అంటే స్కీల ముక్కులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత. రెండున్నర మీటర్ల అల్యూమినియం చానెల్‌ని ట్రాక్ పక్కన ఆనించి స్కీల దాకా సాగేలా పెట్టి, హ్యాండిల్ నిటారుగా కట్టి, స్కీ ముక్కులు రెంటికీ రబ్బరు తాడు వేసి లోపలికి లాగితే కీళ్ళలోని ఆట అంతా ఒకవైపుకి పోతుంది. అప్పుడు స్కీని తిప్పే స్పిండిల్‌కి ముందు 25, వెనక 25 సెంటీమీటర్ల దగ్గర కొలవాలి. కొలిచేది ప్లాస్టిక్ స్కీ అంచు నుంచి కాదు, కార్బైడ్ మధ్యగీత నుంచి. ప్లాస్టిక్ అచ్చు ఎప్పుడూ తిన్నగా ఉండదు. ఉండాల్సింది స్కీలు ముందు వైపు 3 నుంచి 6 మిల్లీమీటర్లు విచ్చుకుని. ఉన్నది 7 మిల్లీమీటర్లు లోపలికి.

ఎలా తప్పిందో లాక్ నట్లే చెప్పాయి. స్కీని స్టీరింగ్‌కి కలిపే ఎడమ టై రాడ్డు నట్టు మీద స్పానరు గీతలు తళతళ మెరుస్తున్నాయి, కుడి నట్టుకి తుప్పు కదల్లేదు. హ్యాండిల్ వంకరైందని ఎడమ రాడ్డు ఒక్కటే తిప్పి నిటారు చేశారు. హ్యాండిల్ నిటారైంది, స్కీలు ముక్కులు కలుపుకున్నాయి. ఎడమ రాడ్డు బయటి కొస బాల్ జాయింట్‌లో చేతికి తెలిసేంత ఆట కూడా ఉంది, కొత్తది వేశారు. ఆ తర్వాత హ్యాండిల్ కట్టి ఉంచి రెండు రాడ్లూ సగం చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ కొలిచి, మొత్తం 4 మిల్లీమీటర్లు విచ్చుకునేలా పెట్టారు. అరిగిన జాయింట్లు మార్చకుండా టో సెట్ చేస్తే ఆ అంకె మొదటి గుంతలోనే పోతుంది. వరస ఎప్పుడూ ఇదే: ముందు ఆట తీయాలి, తర్వాత కార్బైడ్, తర్వాత టో, చివరికి సస్పెన్షన్.

నడిపి చూశాక

మొత్తం పని ఏడు గంటలు. అదే ట్రైల్ మీద, అదే 60 దగ్గర, ఫోన్ అదేచోట అంటించి మళ్ళీ రికార్డు చేస్తే 29 దగ్గరి శిఖరం మిగతా గుర్రులో కలిసిపోయింది. గీపెట్టే శబ్దం లేదు. సరస్సు మీద చేతులు ఆనించి వదిలితే బండి నేరుగా పోయింది. పాత గాళ్ళున్న ట్రైల్ మీద ఈడుపు బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఒంటి కార్బైడ్ స్కీకి గాళ్ళున్న ట్రైల్ మీద అది ఉంటుంది. అదీ వద్దనుకునేవాళ్ళు ఒక్కో స్కీకి రెండు కార్బైడ్లుండే రాడ్లు వేసుకోవాలి. స్కీ ఒకే గాడిలో కూర్చోదు, బదులుగా స్టీరింగ్ కొంచెం బరువెక్కుతుంది.

300 కిలోమీటర్ల తర్వాత ట్రాక్ మళ్ళీ కొలిచారు. కొత్త స్లైడర్లు క్లిప్పులకి సర్దుకుని సందు 25 నుంచి 29కి పెరిగింది. రెండు అడ్జస్టర్లూ పావు చుట్టు చొప్పున, రెండు విడతలుగా బిగించి 25కి తెచ్చారు. ట్రాక్ మధ్యలోనే నడుస్తోంది. 4.8 దగ్గరి చిన్న శిఖరం ఎప్పటిలాగే ఉంది. తెల్ల గీత పెట్టిన పిచ్‌కి అటూ ఇటూ ఉన్న కడ్డీలు రెండూ వంచి చూశారు, గట్టిగానే ఉన్నాయి. సీజన్ అయ్యేలోపు ప్రతి 500 కిలోమీటర్లకీ ఆ రెండింటినీ చేత్తో వంచి చూడమని బండి కార్డు మీద రాసి ఇచ్చారు.